పాటలా, పటాలా

విశాఖపట్నంలో బతుకుతెరువు అంటే ముందు గేటు, తర్వాతే పని. పోర్టుకు గేటు, ఉక్కు ఫ్యాక్టరీకి గేటు, ఓడల యార్డుకు గేటు. ఏ గేటు దాటాలన్నా జేబులో పాసు ఉండాలి. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ పనికి వచ్చి గాజువాకలో స్థిరపడినవాడు. ఆయన ఇంట్లో కనిపించకపోతే మా అమ్మ గోడకున్న మేకు వంక చూసేది. పాసు అక్కడ వేలాడుతుంటే కూరగాయలకు వెళ్ళినట్టు, లేకపోతే డ్యూటీకి వెళ్ళినట్టు. నేను ఇంజనీరింగ్ ముగించి ఉద్యోగంలో చేరిన రోజు ఆయన నన్ను పిలిచి, "సర్టిఫికెట్లు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చురా. పాసు మాత్రం పోగొట్టుకోకు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అంత చదివించి చివరికి ఈయన చెప్పేది ఇదా అనుకున్నాను. ఆ మాట ఎంత నిజమో తర్వాత నాతో పనిచేసిన మనిషి విషయంలో చూశాను.

తొంభైల చివర్లో నేను చేరింది ఒక కాంట్రాక్టు కంపెనీలో. మరమ్మతుకు వచ్చిన యుద్ధనౌకల్లో కంప్యూటర్లను కలిపే తీగలు వేయడం, ఆ తీగల్లోకి బయటివాడెవడూ చొరబడకుండా చూడటం మా పని. ఓడ పేరు, యార్డు పేరు, కంపెనీ పేరు రాయను. రాయనని ఎప్పుడో సంతకం పెట్టాను. పెట్టకపోయినా రాసేవాణ్ణి కాదు, ఆ పేర్లు తలుచుకోవడానికే నాకు మనసొప్పదు.

బీచ్ రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళకు యుద్ధనౌక అందంగానే ఉంటుంది. లోపలికి దిగితే తెలుస్తుంది సంగతి. మరమ్మతులో ఉన్న ఓడలో గాలి యంత్రాలు ఆపేస్తారు. మే నెలలో ఇనుప గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. వెల్డింగు పొగ పీలుస్తూ, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోకాళ్ళ మీద పాకాలి. బయట ఎండగా ఉందో వాన పడుతోందో తెలియదు. ఒక గదిలోకి నీళ్ళొస్తే పక్క గదిలోకి పోకుండా మధ్యలో ఇనుప అడ్డుగోడలుంటాయి. తీగ ఆ గోడ దాటే ప్రతిచోటా ఒక కన్నం, ఆ కన్నానికి నీళ్ళూ నిప్పూ దూరకుండా గట్టి బిరడా. ఒక్క తీగ మార్చాలంటే దారిలో ఉన్న బిరడాలన్నీ విప్పి, లాగి, మళ్ళీ బిగించాలి. కొత్తగా చేరిన ఇంజనీర్లు కొందరు "కంప్యూటర్ ఉద్యోగం అన్నారు, ఇదేంటి" అని వారం తిరక్కుండానే హైదరాబాదు రైలెక్కేవారు. నాకు వెళ్ళే ధైర్యం లేక ఉండిపోయాను, తర్వాత ఆ పనే నచ్చింది.

తీగ లాగడంలో అసలు చిక్కు ఏమిటంటే, గోడకు ఇవతల ఉన్నవాడికి అవతల ఉన్నవాడు కనపడడు. వైర్‌లెస్ సెట్లు లోపలికి తేనివ్వరు. సెల్‌ఫోన్లు వచ్చాక వాటినీ గేటు దగ్గర అరలో పెట్టి రావాల్సిందే. అరుద్దామంటే గ్రైండర్ల మోతలో ఒక్క మాట అర్థం కాదు. దీనికి మందు కనిపెట్టినవాడు సబ్బవరం దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక కేబుల్ పనివాడు. రైతుల బిడ్డ, ఐటీఐ చదివాడు, ఇంచుమించు నా వయసువాడే. అవతలి గదిలో నిలబడి తీగను కన్నంలోకి తోస్తూ పాట ఎత్తుకునేవాడు. మాటలు తెలియకపోయినా రాగం వినపడుతుంది. పాట నడుస్తున్నంతసేపూ నేను లాగాలి. పాట ఆగిందంటే తీగ ఎక్కడో పట్టేసిందని అర్థం, నేనూ ఆపాలి. అప్పుడు మొండిగా లాగితే తీగ లోపల రాగి పోగు తెగుతుంది. తెగినట్టు పైకి కనపడదు, ఓడ సముద్రం మధ్యకు పోయాక తెలుస్తుంది. అతను పాడుతుండగా వేసిన తీగల్లో ఒక్కటి కూడా తెగిందని నేను వినలేదు.

మొదటి రోజే అతను నన్ను పలకరించిన తీరు నాకు ఎబ్బెట్టుగా అనిపించింది.

"ఏటి బావ, కొత్తా? టిఫినీ సేసినావా?"

మా గోదావరి వాళ్ళకు బావ అంటే అక్క మొగుడో, మేనత్త కొడుకో. వరస కలవని వాణ్ణి బావ అంటే ఏదో వేళాకోళం అనుకుంటాం. ఇక్కడ అలా కాదు, టీ కొట్టువాడూ బావే, బస్సు కండక్టరూ బావే. ఓసారి అతను మా ఇంటికి వచ్చి నన్ను అలాగే పిలిస్తే, అతను వెళ్ళాక మా అమ్మ, "వాళ్ళ చెల్లెల్ని ఎప్పుడు చేసుకున్నావురా, నాతో ఒక్క మాట చెప్పకుండా?" అంది. ఏడాది తిరిగేసరికి నేను కూడా అతన్ని బావ అనడం మొదలుపెట్టాను. ఇక్కడా అలాగే అంటాను.

రెండువేల దశకం వచ్చేసరికి మా పని మారింది. తీగలు వేయడం కంటే వాటికి కాపలా కాయడం ఎక్కువైంది. ఓడలో రెండు నెట్‌వర్కులుంటాయి. ఒకటి ఆఫీసు పనికి, అంటే సామాను లెక్కలు, సెలవులు, ఉత్తర ప్రత్యుత్తరాలు. రెండోది ఆయుధాలకూ, ఓడ నడపడానికీ. ఈ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఈ రెంటిలో ఏదీ ఊళ్ళో ఇంటర్నెట్‌కు తగలకూడదు. అప్పుడే పెన్‌డ్రైవులు వచ్చి, వాటితోపాటు ఊరందరి కంప్యూటర్లకూ వైరస్‌లు అంటుకుంటున్న రోజులు. మేము ఓడలోని కంప్యూటర్లకున్న పెన్‌డ్రైవు కన్నాలన్నిటినీ లప్పం లాంటి ముద్దతో పూడ్చేశాం. యార్డులోకి పెన్‌డ్రైవు తేవడం నిషేధమని గేటు దగ్గర మూడు భాషల్లో బోర్డు పెట్టారు. కంప్యూటర్ల గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి, పేరున్నవాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. బావ దానికి గర్భగుడి అని పేరు పెట్టాడు. నన్ను పంతులుగారూ అని ఏడిపించేవాడు.

ఆ యంత్రాల్లో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. ఒక యంత్రం ఇంకోదానికి కబురు పంపితే, అది చెడకుండా చేరిందో లేదో సరిచూసుకునే గుర్తు కూడా దాని వెంటే వెళ్తుంది. దారిలో ఒక్క అక్షరం చెడినా అందుకున్న యంత్రం తనకు తోచిన అర్థం చెప్పుకోదు. దాన్ని పారేసి, అదే కబురు మళ్ళీ రప్పించుకుంటుంది. ఇది బావకు చెబితే పడీ పడీ నవ్వాడు.

"మా ఇంటిదాని కన్నా నయమే బావ. అది మల్లీ అడగదు. ఒకసారి ఏటిన్నాదో అదే కాయం."

ఏటా దసరాకు మా షెడ్డులో ఆయుధపూజ చేసేవాళ్ళం. డ్రిల్లింగ్ మిషన్లకూ, మీటర్లకూ, తీగల కొసలు నొక్కే కత్తెరలకూ, పరీక్షలకు వాడే కంప్యూటరుకూ పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కోసి, కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. కానీ పూజ చప్పగా ఉండేది. పక్క షెడ్లో మైకుండేది, మాకు లేదు. ఆ ఏడాది బావకు పట్టుదల వచ్చింది, కన్నం పూడ్చని మా పరీక్షల కంప్యూటరులో పాటలు పెడదామని. గాజువాకలో సెల్‌ఫోను కొట్లన్నిటి ముందూ "పాటలు ఎక్కించబడును" అని బోర్డులుండేవి. ఒక కొట్టుకు వెళ్ళి పెన్‌డ్రైవు నిండా అమ్మవారి పాటలు ఎక్కించుకుని, పూజకు ముందు రోజు సాయంత్రం నాకు సెల్‌ఫోనులో మెసేజు పెట్టాడు. మా ఫోన్లలో అప్పటికి తెలుగు అక్షరాలు లేవు. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం. అతను కొట్టింది ఇది:

bava patalu ekkinchesanu. repu lopala istanu. sir ki seppaku.

ఆ మెసేజు నేను మర్నాడు పొద్దున గేటు దగ్గర ఫోను అరలో పెట్టేటప్పుడు గానీ చూసుకోలేదు. అప్పటికే అతను పూజబుట్టతో లోపలికి వెళ్ళిపోయాడు. పరుగున వెళ్ళి షెడ్డు వెనక పట్టుకున్నాను.

"నీకు మతి ఉందా? పెన్‌డ్రైవు తెచ్చావా? పాసు పోతుంది బావ."

"కొబ్బరికాయల కింద పెట్టి తెచ్చినాను. దేవుడి బుట్ట ఎవలు ఎతుకుతారు? ఆ సెంట్రీ దండం ఎట్టి మరీ ఒగ్గీసినాడు."

అంత పనిచేసే మనిషి ఇంత వెర్రిపని చేశాడేమిటా అని తిట్టిపోశాను. జేబులోంచి తీయొద్దన్నాను. తీసే అవకాశమూ రాలేదు. ఆ రోజు పెద్ద అధికారి ప్రసాదానికి వచ్చి, పూజ అయ్యేదాకా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాటలు లేకుండానే హారతి ఇచ్చారు. సాయంత్రం బయటికి వెళ్ళేటప్పుడు తనిఖీ గట్టిగా ఉంటుంది, ఖాళీ బుట్టను ఎవరూ వదలరు. అందుకని బావ పెన్‌డ్రైవును షెడ్డులో తన పనిముట్ల సంచిలో దాచి ఇంటికి వెళ్ళాడు. ఏ కంప్యూటరుకూ అది ఒక్కసారి కూడా తగల్లేదు.

పండగ సెలవు తర్వాత పనిలోకి వచ్చేసరికి యార్డంతా గగ్గోలు. ఓడ ఆఫీసు నెట్‌వర్కులో వైరస్ కనపడింది. ప్రతి ఫైలు పక్కనా అదే పేరుతో ఇంకో దొంగ ఫైలు పుట్టుకొస్తోంది. ఆయుధాల నెట్‌వర్కుకు అది పాకలేదు. పాకకపోవడం మేము రెంటినీ వేరుగా ఉంచినందువల్లే, కానీ ఆ మాట వినే తీరిక ఎవరికీ లేదు. మా షెడ్డు మొత్తం సోదా చేస్తారన్న మాట పొక్కింది. బావ మొహం పాలిపోవడం చూశాను. నన్ను అప్పటికే ఓడలోకి రమ్మని కబురొచ్చింది. నేను అటు వెళ్ళగానే అతను సంచిలోంచి పెన్‌డ్రైవు తీసి, జెట్టీ అంచుకు నడిచి, నీళ్ళలోకి విసిరేశాడు. విసరడం ఒక సెంట్రీ చూశాడు.

అతను నిర్దోషి అని చూపించగలిగిన వస్తువు లోకంలో అదొక్కటే. భయంతో దాన్నే సముద్రం పాలు చేసుకున్నాడు. అందులో ఉన్నవి అమ్మవారి పాటలని ఇంక ఎవరు చెప్పినా నోటిమాటే.

గేటు దగ్గర అరల్లో ఉన్న మా ఫోన్లన్నీ తీసుకుని మెసేజులు చదివారు. విచారణకు ఒక్కొక్కరినీ పిలిచారు. నన్ను పిలిచిన గదిలో ఇద్దరున్నారు. ఒకరు ఉత్తరాది అధికారి, హిందీ మాట్లాడతాడు. మర్యాదస్తుడు, నన్ను కూర్చోమన్నాడు. రెండోవాడు మా కంపెనీ పరిపాలన విభాగం మనిషి, కృష్ణా జిల్లావాడు, తెలుగు పద్యాలు కంఠతా వచ్చినవాడు. మెసేజు తర్జుమా చేసింది ఆయనే. నా ఎదుట పెట్టిన కాగితంలో patalu అన్నచోట పటాలు అని రాసి, అంటే సముద్రపు దారి పటాలు అని వివరం ఇచ్చాడు. ఎక్కించేశాను అంటే నకలు తీశాను. లోపల ఇస్తాను అంటే చేతికి అందిస్తాను. సార్‌కు చెప్పకు అంటే అదే అర్థం, దానికి వివరం అక్కర్లేదు.

నాకు నవ్వొచ్చింది.

"సార్, అది పటాలు కాదు, పాటలు" అన్నాను హిందీలో. "ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి. దీర్ఘం ఎక్కడుందో తెలియదు."

అధికారి పక్కాయన వంక తిరిగాడు. "ఈ మాటను పటాలు అని కూడా చదవొచ్చా?"

పక్కాయన నిజాయితీపరుడు. "చదవొచ్చు సార్" అన్నాడు.

"నువ్వు చెప్పు. చదవొచ్చా?"

ఏం చెప్పను? చదవొచ్చు. "చదవొచ్చు సార్, కానీ..." అన్నాను. ఆయన కలం "కానీ" దాకా ఆగలేదు.

నాకు కంగారు పుట్టింది. పటాలు అని చదివినా తప్పేమీ లేదని చెబుదామనుకుని, "పటాలంటే మ్యాపులే కానక్కర్లేదు సార్. దేవుడి ఫోటోలకు కూడా పటాలనే అంటాం. దసరా కదా" అన్నాను. ఆయన కలం కింద పెట్టి నన్ను చూశాడు.

"ముందు పాటలన్నావు. ఇప్పుడు దేవుళ్ళంటున్నావు. మీ భాషలో ఒక్క మాటకు ఎన్ని అర్థాలయ్యా?"

తర్వాత బావ సంగతి ఎత్తాడు. "అతను నీకేమవుతాడు?" "ఏమీ కాడు సార్." "మరి బావ అని ఎందుకు రాశాడు?" ఇక్కడ అందరూ అందరినీ అలాగే అంటారని చెప్పాను. పక్కాయన కూడా తలూపాడు, కానీ వాళ్ళ జిల్లాలో అలా అనరని నిజాయితీగా చేర్చాడు. ఆ నిజాయితీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. బయటికి వచ్చేముందు, ఆ గదిలో ఏమడిగారో ఎవరికీ చెప్పనని నాతో సంతకం పెట్టించుకున్నారు.

నన్ను కొన్ని నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. మెసేజు పెట్టినవాణ్ణి కాదు, అందుకున్నవాణ్ణి కనుక చివరికి పాసు తిరిగి ఇచ్చారు. మా నాన్న ఆ రోజు పాసును చేతిలోకి తీసుకుని, రెండు వైపులా తిప్పి చూసి, మేకుకు తగిలించాడు. బావ మీద కేసు పెట్టలేదు. రుజువు లేదన్నారు. రుజువు లేదు కానీ పాసు మాత్రం రద్దు.

తిరిగి చేరగానే నేను చేసిన మొదటి పని ఆ వైరస్ పుట్టుక వెతకడం. యంత్రాలు అబద్ధం చెప్పవు. మొట్టమొదటి దొంగ ఫైలు పూజకు వారం ముందే పుట్టింది. సామాను సరఫరా చేసే కంపెనీ ఇంజనీరు అనుమతి మీద తన లాప్‌టాప్ తెచ్చి, ఆఫీసు నెట్‌వర్కుకు తగిలించి పనిచేసిన రోజది. ఆ సంగతి పట్టుకుని అదే అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. మంచి పని చేశావన్నాడు. సరఫరాదారుల లాప్‌టాప్‌లు కూడా ఆపించాడు. బావ పాసు మాట అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"వైరస్ అతను తేలేదు, ఒప్పుకుంటాను. కానీ పటాలు తన దగ్గర ఉన్నాయని అతనే చెప్పాడు. తన నోటితో చెప్పాడు. నేను ఎదురుగా ఉన్నాను."

బావ అలా ఎందుకు చెబుతాడు? కొట్టారా అని అడిగే ధైర్యం చేశాను. "అతని మీద ఎవరూ చెయ్యి కూడా వేయలేదు" అన్నాడాయన. ఆ మనిషి అబద్ధం చెప్పేవాడు కాదు. ఆ ముల్లు నాలో అలాగే దిగబడిపోయింది. బావ దొంగ అని నేను నమ్మలేదు. అస్సలు నమ్మలేదని చెప్పుకోలేను కూడా.

అతన్ని అడుగుదామని ఓ ఆదివారం సబ్బవరం బస్సెక్కి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. గాజువాకలో అద్దె గది అప్పటికే ఖాళీ చేసేశాడు. వాళ్ళావిడ గుమ్మంలోకి వచ్చి, "ఆయన నేరు బాబూ, పొలానికెల్లినారు. మీరు రావద్దు బాబూ. ఎవలైనా సూస్తే మల్లీ ఏటేటో అంతారు" అంది. గడప పక్కన అతని చెప్పులున్నాయి. ఆమె నా చూపు గమనించి తల దించుకుంది. ఆమె కళ్ళలో అంత భయం చూసి నాకు ఏడుపొచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెనక్కి వచ్చేశాను.

తర్వాత అతని సంగతులు అక్కడక్కడ వినపడుతుండేవి. పోర్టులో కాంట్రాక్టు పని దొరికింది, పాసుకు పోలీసు విచారణ దగ్గర ఆగిపోయింది. ఉక్కు ఫ్యాక్టరీలో కేబుల్ పని దొరికింది, అక్కడా అంతే. ఈ ఊళ్ళో తీగ పని ఉన్న ప్రతిచోటా గేటుంది. ప్రతి గేటు దగ్గరా, ఇంతకుముందు ఎక్కడ చేశావు, ఎందుకు మానేశావు అని అడుగుతారు. అంత నైపుణ్యం ఉన్న చేతులు వంకాయ మళ్ళకు నీళ్ళు కట్టాయని విన్నాను. ఊళ్ళోవాళ్ళు చాటుగా పాకిస్తానోడు అంటారని కూడా విన్నాను.

దశకం చివర్లో ఒక వానరోజు. నా స్కూటరు మొరాయిస్తే గాజువాక జంక్షన్లో షేర్ ఆటో ఎక్కాను. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాక గానీ చూడలేదు, ఆటో నడుపుతున్నది బావ. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి కొద్దిగా నవ్వి, "సీటు తడిగున్నాది బావ, ఇటు జరుగు" అన్నాడు. వెనక జనం ఉన్నారు కనుక ఏమీ మాట్లాడుకోలేదు. గాజువాక ఆటోల్లో పాటల మోతకు చెవులు పగిలిపోతాయి. ఇతని ఆటోలో చప్పుడు లేదు. వెనక నుంచి ఒకామె, "పాటలు ఎట్టు బాబూ" అంటే, "టేపు పాడైపోనాదమ్మా" అన్నాడు. టేపు పెట్టవలసిన చోట ఖాళీ కన్నం, దాని మీద రేకుముక్క బిగించి ఉంది.

ఒక్కొక్కరే దిగిపోయారు. యార్డు దారిలో మేమిద్దరమే మిగిలాం. అప్పుడడిగాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"నిన్ను ఏటడిగినారు బావ ఆ రోజు? నానేటి సేసినానని? వైరస్ అన్నారు. అది నాను కాదని తేలిపోనాదని ఎవలో సెప్పినారు. మరి నా పాసు ఎందుకు ఇవ్వనేదు?"

సంతకం గుర్తొచ్చింది. గాలికి పోనీ అనుకున్నాను.

"నీ మెసేజు బావ. పాటలు అని కొట్టావు కదా. వాళ్ళు పటాలు అని చదివారు."

"పటాలేటి?"

"మ్యాపులు. సముద్రం మ్యాపులు. హిందీలో నక్షాలు."

ఆటో నెమ్మదించింది. రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. వైపరు ఒక్కటే ఆడుతోంది.

"నక్షా?" అన్నాడు. "నక్షానా బావ?"

నావైపు తిరిగి, మాట మాటకూ ఆగుతూ చెప్పాడు.

"నన్ను గదిలో కూకోబెట్టి నక్షా ఏది, నక్షా కహా హై అని ఒకటే అడిగినారు బావ. నాకు వొచ్చినదే ముక్కా సెక్కా హిందీ. మన కేబుల్ దారులు గీసిన కాయితం ఉంటాది సూడు, షెడ్డులో మనమందరం దాన్ని నక్షా అనే కదేటి అంతాం? అదడుగుతన్నారనుకున్నాను. హై సార్, మేరే పాస్ హై అన్నాను. సాయంత్రానికి తిరిగిచ్చీవలసిందే గానీ, రోజూ ఏటి తిరిగిస్తామని నా పెట్టిలోనే ఎట్టుకున్నాను. కావాలంతే ఇప్పుడే తెస్తానన్నాను. నవ్వుతానే అన్నాను బావ. ఆలు ఒకల మొకాలొకలు సూసుకున్నారు. ఎల్లి పెట్టి తీసినారు. ఉన్నాది మరి. మన నక్షా ఉన్నాది."

ఓడలో ఏ గది ఎక్కడుందో, ఏ తీగ ఎటు పోతుందో గీసిన కాగితమది. మాకు రోజువారీ పనిముట్టు. మెసేజులో పటాలున్నాయని నమ్మి వచ్చిన వాళ్ళకు పెట్టెలో పటం దొరికింది. తన నోటితో చెప్పాడని ఆ అధికారి అన్నది నిజమే. నన్ను అడిగిన మాట నా దగ్గరా, అతన్ని అడిగిన మాట అతని దగ్గరా ఇన్నేళ్ళు వేరువేరుగా ఉండిపోయాయి. ఒక్క పూట ఆ రెండూ ఒకచోట చేరి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. అన్నేళ్ళు ఇతని మీద అణువంత అనుమానాన్ని మోసిన నా మనసును నేనే అసహ్యించుకున్నాను.

బావ హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టుకుని వానలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మల్లీ అడగొచ్చు కదేటి బావ" అన్నాడు చివరికి. "ఏ నక్షారా అని ఒక్కపాలి మల్లీ అడిగుంతే సెప్పీవోన్ని కదా."

ఇప్పుడైనా వెళ్దాం, నేను మాట్లాడతాను అన్నాను. ఎవరి దగ్గరికో నాకే తెలియదు. ఆ అధికారి ఎప్పుడో బదిలీ అయిపోయాడు, ఆ తర్జుమా చేసినాయన రిటైరై విజయవాడ వెళ్ళిపోయాడు. బావ ఆ మాట విననట్టే ఆటో స్టార్టు చేశాడు.

గేటు ముందు ఆటోలు ఆగనివ్వరు. రోడ్డు మీద గీసిన గీతకు ఇవతలే ఆపాడు. బూటు చప్పుడు చేసుకుంటూ సెంట్రీ మావైపు రెండడుగులు వేశాడు. బావ ఇంజన్ ఆపకుండానే గేటు వంక ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. నేను దిగి, ఏదో ఒకటి చెప్పాలని గొడుగు తెరుస్తూ నిలబడ్డాను.

"పాసు ఉన్నాదా బావ?" అన్నాడు. "సూసుకో."

జేబు తడిమి, ఉందన్నాను.